పన్నెండులో ఎనిమిది: స్వయం కోర్సులు తప్పనిసరి అయ్యాక

స్వయం అంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక, అందులో ఐఐటీలు కలిసి నడిపే ఇంజినీరింగ్ కోర్సులవి ఎన్‌పీటీఈఎల్. అంతకు మించి అవేమిటో, కోర్సులో ఎలా చేరాలో ఇక్కడ చెప్పడం లేదు. మూడో ఏడు బీటెక్ చదివే ఎవరిని అడిగినా చెబుతారు. ఈ రాత అంతా ఒక్క నిబంధన గురించే. 12 వారాల కోర్సులో 12 అసైన్‌మెంట్లు ఉంటాయి, వాటిలో ఎక్కువ మార్కులు వచ్చిన 8 మాత్రమే లెక్కకు వస్తాయి. ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెంటర్ల (ఈ కోర్సులు చేసే పిల్లల్ని కనిపెట్టి ఉండే కాలేజీ టీచర్ల) వైపు నుంచి ఆరు సెమిస్టర్లు చూశాక రాస్తున్న మాట ఇది. మొదటి రెండు సెమిస్టర్లు ఈ నిబంధనంత దయగలది ఇంకోటి లేదనిపించింది. ఇప్పుడు కోపమంతా దాని మీదే.

దయ అనిపించడానికి కారణం ఉంది. అసైన్‌మెంట్ గడువు మామూలుగా బుధవారం రాత్రి 11:59. గురువారం తెల్లవారాక ఎవరి కాళ్లు పట్టుకున్నా తీసుకోరు. మిడ్లు ఉన్న వారం, దసరాకు ఊరెళ్లిన వారం, జ్వరమొచ్చిన వారం, హాస్టల్లో నెట్ పోయిన వారం. ఇలా నాలుగు వారాలు పోయినా మార్కులకు దెబ్బ తగలదు. ఇష్టపడి చేరిన పిల్లాడికి ఇది నిజంగా ఊరట.

కోర్సు తప్పనిసరి అయిన రోజు నుంచే లెక్క మారుతుంది. క్లాసులో 60 మంది ఉంటే అందరూ ముందు తెలుసుకునేది సిలబస్ కాదు, ఈ నిబంధన. మొదటి 8 అసైన్‌మెంట్లు బాగా పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. మెంటర్ పేజీలో వారం వారం మార్కుల పట్టిక చూస్తే ఎనిమిదో గడి దాకా 90, 100, 100. తొమ్మిది నుంచి పన్నెండు దాకా సున్నాలు, వరసగా, ఒకరి కింద ఒకరివి.

మొత్తం 100 మార్కుల్లో అసైన్‌మెంట్లకు 25, చివర్లో పెట్టే పరీక్షకు 75. ఆ పరీక్ష మాత్రం 12 వారాల మీదా వస్తుంది. వారానికి అరగంట చొప్పున 5 లెక్చర్లు అనుకుంటే కోర్సు మొత్తం 30 గంటలు. అందులో చివరి 10 గంటలు అసలు తెరవరు. పైగా సుళువైనవి ముందు, కష్టమైనవి చివర పెట్టడం ఏ సబ్జెక్టుకైనా మామూలే. స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో డిఫ్లెక్షన్లు (బీము ఎంత వంగుతుందన్నది), కాలమ్ బక్లింగ్ (బరువుకు స్తంభం పక్కకు వంగిపోవడం) వచ్చేది సాధారణంగా అక్కడే. ప్రశ్నలు అన్ని వారాల నుంచీ సమానంగా వచ్చాయనుకుందాం. 75లో మూడో వంతు, అంటే 25 మార్కులు, పరీక్ష హాల్లో కూర్చోకముందే పోయాయి. పాస్ కావడానికి 30 కావాలి. మిగిలిన 50లో 30 అంటే 60 శాతం. అన్ని వారాలూ చూసినవాడికి 40 శాతం చాలు. గుడ్డిగా టిక్కు పెట్టినవాటిలో కొన్ని మార్కులు తగిలితే తగలొచ్చు, అంతే.

ఆ మొదటి 8 అయినా సొంతంగా చేసినవా? ఆదివారం సాయంత్రానికి జవాబులు క్లాసు గ్రూపులో ఉంటాయి. ఒకడు చేస్తాడు, 59 మంది నొక్కుతారు. అసైన్‌మెంట్లో 6 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీము (రెండు కొసలా ఆనించినది), మధ్యలో 20 కిలోన్యూటన్ల లోడు, గరిష్ఠ బెండింగ్ మొమెంట్ (బీమును వంచే ప్రభావం) ఎంత అని అడుగుతారు. 20ని 6తో గుణించి 4తో భాగిస్తే 30 కిలోన్యూటన్ మీటర్లు. పరీక్షలో అదే 6 మీటర్లు, అదే 20 కిలోన్యూటన్లు, కానీ బీము ఒక కొస గోడలో బిగించి ఉంటుంది, లోడు రెండో కొసన ఉంటుంది. జవాబు 120. ఆప్షన్లలో 30 కూడా ఉంటుంది. గ్రూపులో చూసి నొక్కినవాడికి గుర్తున్నది ఆ 30 ఒక్కటే.

ఫలితాలు వచ్చిన రోజు గొడవ ఇక్కడే మొదలవుతుంది. అసైన్‌మెంట్ల సగటు 96 అంటే 25కి 24. పరీక్షలో 100కి 36 అంటే 75కి 27. మొత్తం 51, అయినా సర్టిఫికెట్ రాదు. పక్కవాడికి అసైన్‌మెంట్లలో 48, అంటే 12. పరీక్షలో సరిగ్గా 40, అంటే 30. మొత్తం 42, పాస్. అసైన్‌మెంట్లలో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా దాటాలన్న సంగతి కోర్సు పేజీలోనే ఉంటుంది. తల్లిదండ్రులకు ఫోన్లో వివరించాల్సింది మాత్రం మెంటరే. "యాభై ఒకటి ఫెయిలు, నలభై రెండు పాసు ఏంటి సార్?" అనే ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం కుదరదు.

మన యూనివర్సిటీ పేపరైతే సప్లీ ఉంటుంది. ఇక్కడ ఆ కోర్సు మళ్లీ వచ్చేదాకా ఆగాలి, లేదా ఇంకో కోర్సు మొదటి నుంచి మొదలుపెట్టాలి. పరీక్ష ఫీజు 1000 రూపాయలు మళ్లీ కట్టాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులైతే 500. చివరి సెమిస్టర్లో ఇలా జరిగితే డిగ్రీయే ఆగుతుంది. కోర్సులో చేరడం ఉచితం, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరే పని అన్నది కూడా ఏటా కొందరు మరిచిపోతారు. దానికి మందు సులువే. చేరినవాళ్ల జాబితా కాదు, ఫీజు కట్టిన రసీదులు తీసుకోవాలి.

నియమాల వైపు చూస్తే, యూజీసీ 2016లో 20 శాతం కోర్సుల దాకా స్వయంలో చేసుకోవచ్చంది. 2021లో దాన్ని సెమిస్టర్‌కు 40 శాతం చేసింది. అది పైకప్పు. ప్రతి విద్యార్థీ చేసి తీరాలి, ఫలానా స్లాటులోనే చేయాలి అన్నది కాలేజీలు తెచ్చుకున్న ముచ్చట. ఖాళీగా ఉన్న ఫ్యాకల్టీ పోస్టుకు ఇది చవకైన అతుకు అని బయటికి ఎవరూ అనరు గానీ, టైంటేబుల్ చూస్తే తెలుస్తుంది.

మా దగ్గర కొంత పనిచేసినవి రెండు. గురువారం ఉదయం, అంటే గడువు ముగిసిన మర్నాడు, 20 నిమిషాల కాగితం పరీక్ష. అసైన్‌మెంట్లోవే 5 ప్రశ్నలు, అంకెలు, సపోర్టులు మార్చి, ఫోన్లు బయట పెట్టించి. 60 పేపర్లు దిద్దడానికి గంటన్నర. తొమ్మిదో వారం నుంచి దీన్ని ఆపితే మొత్తం వృథా. అసలు అవసరం అక్కడే. రెండోది, పాసైనవాళ్లకు పరీక్ష ఫీజును కాలేజీ తిరిగి ఇస్తుంటే ఆ షరతుకు ఇంకోటి చేర్చడం: 12లో 11 అసైన్‌మెంట్లు పెట్టి ఉండాలి. ఎన్‌పీటీఈఎల్ లెక్క వాళ్లది, డబ్బు లెక్క మనది. కాపీ కొట్టి పెట్టినా కనీసం పన్నెండో వారం పేజీ తెరుస్తారు, తెరిచినవాళ్లలో కొందరు లెక్చర్ చూస్తారు. గొప్పగా చెప్పుకోవడానికేం లేదు, ఆ సున్నాల వరస మాత్రం తగ్గింది.

పదిహేను మంది ఎంచుకుని చేరే ఆనర్స్ కోర్సులకైతే ఈ గోల ఏదీ లేదు. అక్కడ ఇదే నిబంధన ఇప్పటికీ దయగానే కనిపిస్తుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఎక్కువున్న క్లాసైతే వేరే సంగతి. కొన్ని కోర్సుల లెక్చర్ల రాతపాఠం తెలుగులోనూ దొరుకుతుంది, అలాంటివి వెతికి ఇవ్వడం మంచిది, కానీ మేం చూసిన ప్రశ్నపత్రాలన్నీ ఇంగ్లిషులోనే ఉన్నాయి.

తప్పనిసరి చేయక తప్పని చోట 8 వారాల కోర్సులు కాస్త నయం. 8లో మంచివి 6 లెక్కకొస్తాయి, ఎగ్గొట్టగలిగేది రెండు వారాలే. అదే లెక్కన మిగిలిన 56 మార్కుల్లో 30 తెచ్చుకుంటే గట్టెక్కుతారు. చిక్కల్లా, 8 వారాల కోర్సుకు వచ్చేది 2 క్రెడిట్లు. మా ఎలెక్టివ్ (విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టు) స్లాటు 3 క్రెడిట్లది.