హెచ్చరిక: అమ్మేవారు చూపించిన మనిషితో కారు తనిఖీ చేయించకండి

నిన్న మధ్యాహ్నం వరంగల్ ఆటోనగర్‌లో మెకానిక్ నా కారు డ్రైవర్ సీటు బోల్టులు విప్పి, సీటును బయట పెట్టి, కార్పెట్‌ను అంచు పట్టుకుని పైకి లేపాడు. కింద ఉన్న స్పాంజి నిండా బురద. ఎండాకాలంలో చెరువు అడుగున కనిపించే నెర్రెల మాదిరిగా అది ఎండి పగిలి ఉంది. గోటితో గీకితే పిండిలా రాలింది. ఆ తరువాత అతను సీటు బెల్టును ఇక రానంతవరకు బయటికి గుంజి, చివరి మూరెడు పట్టీని నా చేతిలో పెట్టాడు. మనం మామూలుగా బెల్టు పెట్టుకున్నప్పుడు బయటికి రాకుండా లోపలే చుట్టుకుని ఉండే ఆ భాగంలో అడ్డంగా ఒక మట్టిరంగు గీత ఉంది. "నీళ్ళు గీడిదాంక వచ్చినయ్ సార్. కడిగినోళ్ళు బెల్టు మొత్తం గుంజి కడగలే" అన్నాడు.

అదే సమయంలో నా జేబులోని ఫోనులో, ఈ కారు కొనే ముందు చేయించిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఉంది. ఇరవై రెండు పేజీలు, నూట యాభై అంశాలు, ప్రతి అంశానికి ఎదురుగా పచ్చని టిక్కు. పదకొండో పేజీలో "నీట మునిగిన ఆనవాళ్ళు: లేవు" అని స్పష్టంగా రాసి ఉంది.

కారు ఎక్కడ కొన్నానో హనుమకొండలో సెకండ్ హ్యాండ్ బండ్లు చూస్తున్నవారు సులభంగా ఊహించగలరు. నోటీసు ఇవ్వబోతున్నాను కనుక పాత బండ్లు అమ్మే ఆ కన్సల్టెన్సీ పేరు గానీ, తనిఖీ చేసిన సంస్థ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. 2019 మోడల్ పెట్రోల్ బండి, ఖమ్మం రిజిస్ట్రేషన్, ఒకే ఓనరు, 4,35,000 రూపాయలు. మా నాన్నగారిని నెలకొకసారి హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. బస్సులో ఆయన కూర్చోలేకపోతున్నారు. మేడారం జాతరకు రెండు వారాల ముందు బండి చూసి, నచ్చి, పదివేలు బయానా ఇచ్చాను. బయట మెకానిక్‌తో ఒకసారి చూపించుకుంటానని అన్నప్పుడు కన్సల్టెన్సీ ఆయన ఎంతో మర్యాదగా, "మెకానిక్ ఎందుకు సార్, ఇప్పుడు దీనికి ప్రత్యేకంగా కంపెనీలే ఉన్నయ్, మిషన్లు పెట్టి చూస్తరు" అని ఒక నంబరు ఇచ్చారు. నేను ఆ నంబరుకే ఫోన్ చేశాను. పదిహేను వందలు కట్టాను. నా తప్పు అక్కడే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది.

ఇన్‌స్పెక్షన్ రోజున నేను ఆఫీసులో ఉండి వెళ్ళలేకపోయాను. రిపోర్టులోని ఫోటోల సమయం నిన్న రాత్రి వరుసగా చూశాను. మొదటి ఫోటోకు, చివరి ఫోటోకు మధ్య ఇరవై ఆరు నిమిషాలు మాత్రమే ఉంది. నూట యాభై అంశాలు ఇరవై ఆరు నిమిషాల్లో చూశారన్నమాట. నేల ఫోటోలో కార్పెట్ కాదు కదా, దాని మీది రబ్బరు మ్యాట్లు కూడా తీయలేదు. డిక్కీ ఫోటోలో స్టెప్నీ మూత మూసే ఉంది. బండి కంప్యూటరుకు తగిలించి లోపాల కోడ్లు చదివే స్కానర్ పేజీలో "తప్పు కోడ్లు లేవు" అని ఉంది. కోడ్లు ముందుగా చెరిపేసి చూపించవచ్చని, చెరిపిన తరువాత బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా బండ్లలో అదే స్కానర్‌లో కనిపిస్తుందని ఆటోనగర్ మెకానిక్ చెప్పేదాకా నాకు తెలియదు. ఆ సంఖ్య రిపోర్టులో ఎక్కడా లేదు.

బండి పోయిన శుక్రవారం తెల్లవారుజామున ఆగిపోయింది. ఆసుపత్రికి వెళ్తున్నాం, రఘునాథపల్లి దాటుతుండగా డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగి, ఇంజిన్ ఆగి, స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనుక లారీ వస్తోంది. ఎలాగో పక్కకు తీయగలిగాను. నాన్నగారు ముందు సీటులో కూర్చుని ఉన్నారు. ఆయన ఒక్క మాట అనలేదు గానీ, రెండు చేతులతో డ్యాష్‌బోర్డును పట్టుకుని ఉండిపోయారు. బండిని లాగించుకుని వరంగల్ తీసుకురావడానికి అయిన ఖర్చును, ఆ రోజు డాక్టరు అపాయింట్‌మెంటు పోయిన సంగతిని నేను లెక్కలో వేయడం లేదు.

నన్ను ఎక్కువగా కలచివేసిన విషయం మరొకటి ఉంది. ఎయిర్‌బ్యాగును నడిపే పెట్టె చాలా కార్లలో గేరు రాడ్డు దగ్గర, నేలకు ఆనుకుని ఉంటుంది. నీళ్ళు సీటుదాకా వచ్చిన బండిలో ముందుగా మునిగేవాటిలో అదొకటి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు ఉన్న దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి; ఎప్పుడూ వెలుగుతూ ఉన్నా లోపమే, అసలు వెలగకపోయినా లోపమే. మా బండిలో ఆ దీపం ఒక్కసారి కూడా వెలగలేదు. దీపం వెలగకపోతే అంతా బాగుందనే నేను ఇన్ని రోజులూ అనుకున్నాను. పెట్టె కనెక్టరు విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. అంటే, ఈ నెల రోజులుగా మా నాన్నగారిని పనిచేయని ఎయిర్‌బ్యాగు ముందు కూర్చోబెట్టి జాతీయ రహదారి మీద తిప్పాను. రిపోర్టు ఎనిమిదో పేజీలో ఎయిర్‌బ్యాగుకు కూడా పచ్చని టిక్కే ఉంది.

షెడ్డు నుంచే ఇన్‌స్పెక్షన్ చేసిన అతనికి ఫోన్ చేశాను. కోపంగా మాట్లాడకూడదని ముందే అనుకుని, "తమ్ముడూ, కార్పెట్ కింద బురద ఉంది, మీరు చూడలేదా?" అని అడిగాను. ఒక నిమిషం మౌనంగా ఉండి అతను అన్న మాట ఇది: "సార్, పదిహేను వందలిచ్చి బండి మొత్తం ఇప్పి చూడమంటరా? మాది కంటికి కనవడేది చూసుడు మాత్రమే. రిపోర్టు కింద రాసుంటది, చదువుకోన్రి." నిజంగానే చివరి పేజీలో, చీమ తలంత అక్షరాలలో, ఏ భాగాన్నీ విప్పబోమని, రిపోర్టు మీద తమకు ఏ బాధ్యతా లేదని ఉంది. అలాంటప్పుడు మునిగిన ఆనవాళ్ళు లేవని ఎలా రాశారు, చూడలేదని రాయవలసింది కదా అని అడిగాను. అప్పుడతను గొంతు పెంచాడు. "నెలకు ముప్పై బండ్లు వాళ్ళే ఇస్తరు సార్ మాకు. మీ ఒక్క బండి కోసం వాళ్ళతోని కయ్యం పెట్టుకోవాల్నా?" అని ఫోన్ పెట్టేశాడు. తరువాత నా నంబరు ఎత్తలేదు.

ఆ మాట నేను స్పీకరులో పెట్టి వింటున్నాను. మెకానిక్, అతని దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లవాడు కూడా విన్నారు. పిల్లవాడు తల దించుకుని పాన పట్టుకున్నాడు. డబ్బు పోవడం కంటే ఆ క్షణమే నాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే అతనికి డబ్బు ఇచ్చింది నేను, రిపోర్టు మీద పేరు ఉన్నది నాది, కానీ మొదటి నిమిషం నుంచీ అతను పనిచేసింది వారి కోసం. కొనేవాడి కళ్ళుగా ఉండవలసిన మనిషిని అమ్మేవాడే ఎంచి ఇచ్చినప్పుడు ఆ కళ్ళు ఎటు చూస్తాయో నాకు ముందే తట్టి ఉండవలసింది.

ఆర్సీలో ఉన్న చిరునామా పట్టుకుని పాత ఓనరును వెతికాను. ఆయన ఖమ్మంలో ఉంటారు. చాలా నిజాయితీగా మాట్లాడారు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి కాలనీలు మునిగినప్పుడు బండి ఇంటి ముందే ఉందని, నీళ్ళు సీట్ల మీదికి వచ్చాయని, ఇన్సూరెన్సు క్లెయిమ్ చేసి బాగు చేయించినా రోజుకొక వైరింగ్ సమస్య వచ్చి విసిగిపోయి పోయిన ఏడాది చివర అమ్ముకున్నానని చెప్పారు. "నేను దాయలే సార్, మునిగిన బండి అని చెప్పే ఇచ్చిన, అందుకే రేటు తక్కువిచ్చిన్రు" అన్నారు. కాబట్టి కన్సల్టెన్సీవారికి పూర్తిగా తెలుసు. నన్ను ఆ తనిఖీ సంస్థ దగ్గరికి పంపడం పొరపాటున జరిగింది కాదు.

ఒక కాగితం గురించి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అది కొన్న రోజునే నా చేతిలో ఉంది. ఇన్సూరెన్సు పాలసీలో "నో క్లెయిమ్ బోనస్" అనే గడి ఉంటుంది; క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది. ఒక ఓనరు క్లెయిమ్ లేకుండా గడిపిన ప్రతి ఏడాదికీ అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. సొంత బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ చేస్తే, తరువాతి రెన్యువల్‌లో సున్నాకు పడిపోతుంది. మా బండి 2019 జూన్‌లో కొన్నది, అదే ఓనరు. క్లెయిమ్ లేకపోయి ఉంటే 2025 జూన్ పాలసీలో 50 ఉండాలి. అక్కడ సున్నా ఉంది. పాలసీ గడువు దాటి తొంభై రోజులకు పైగా రెన్యువల్ చేయకపోయినా బోనస్ పోతుంది గనుక సున్నా కనిపించినంత మాత్రాన బండి మునిగిందని తేల్చలేం. కానీ ఎందుకు సున్నా అయిందని అడగాలి, దాని వెనుకటి ఏడాది పాలసీ తెమ్మనాలి. ఇన్‌స్పెక్షన్ చేసినతను ఆ పాలసీకి ఫోటో తీసి, "ఇన్సూరెన్సు: ఉంది" అని టిక్కు పెట్టాడు. నేను కూడా గడువు తేదీ ఒక్కటే చూసి మడిచి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. బ్యాంకు కాగితాలు పేజీ పేజీ చదివి సంతకం పెట్టేవాడిని, ఆ ఒక్క పేజీ చదవలేదు.

కన్సల్టెన్సీకి కూడా వెళ్ళాను. బండి నా పేరు మీదికి మారిపోయింది కనుక తమకు సంబంధం లేదని, తాము మధ్యవర్తులమని, ఇన్‌స్పెక్షన్ నేనే చేయించుకున్నాను కాబట్టి రిపోర్టు ఇచ్చినవారినే అడగాలని చెప్పారు. టీ తెప్పించారు. నేను తాగలేదు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు తొందరపడి రాస్తున్నానంటే, పోయిన అక్టోబరు చివర మొంథా తుపాను వానకు మన హనుమకొండ, వరంగల్ కాలనీలలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. అవన్నీ తుక్కుకు పోలేదు. కడిగి, సీటు కవర్లు మార్చి, సువాసన డబ్బా పెట్టి ఈ వేసవికి అమ్మకానికి వస్తాయి. కొన్ని ఇప్పటికే వచ్చి ఉంటాయి. రిజిస్ట్రేషన్ వేరే జిల్లాది అయితే మనకు అనుమానం కూడా రాదు, నాకు రానట్లే.

తనిఖీ చేయించుకోదలచినవారు మనిషిని మీరే వెతుక్కోండి; అమ్మేవారికి అతను ఎవరో తెలియకూడదు. డబ్బు కట్టక ముందే ఒక్క ప్రశ్న అడగండి: డోరు గుమ్మం దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి కార్పెట్ లేపి చూస్తారా, లేదా? దానికి సీటు విప్పనక్కరలేదు, చేత్తో ఊడి వచ్చేదే. చూసేది లేదని చెబితే ఆ సంస్థను వదిలేయండి. అమ్మేవారు లేపనిచ్చేది లేదంటే ఆ బండిని వదిలేయండి. స్టెప్నీ కింద గుంట, సీటు పట్టాల బోల్టుల తుప్పు, సీటు బెల్టు చివరి మూర, ఫ్యూజ్ బాక్స్ లోపలి చిలుము, తాళం తిప్పినప్పటి ఎయిర్‌బ్యాగు దీపం మీరు స్వయంగా చూడండి. తనిఖీ జరిగేటప్పుడు సెలవు పెట్టి అయినా పక్కన నిలబడండి. కంపెనీ సర్వీస్ సెంటరులో బండి నంబరు చెప్పి పాత సర్వీసు వివరాలు అమ్మేవారి చేతనే తెప్పించండి. పాత వాహనాలు అమ్మే డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అది చూపించమని అడగండి.

నేను రెండు సంస్థలకూ నోటీసు పంపుతున్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఈ ఉదయం ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బదులు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు ఉండదు, వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు, రెండేళ్ళ లోపు వేయాలి. మెకానిక్ చేత బురద ఉన్న చోటల్లా స్కేలు పెట్టించి ఫోటోలు తీయించాను. కార్పెట్ ముక్కను కడగవద్దని చెప్పి సంచిలో కట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

అదే కన్సల్టెన్సీలో, అదే ఇన్‌స్పెక్షన్ రిపోర్టు మీద ఈ మధ్య బండి కొన్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ రాత్రే పాలసీ తీసి బోనస్ గడి చూడండి, రేపు పొద్దున తాళం తిప్పి ఆ దీపం వెలుగుతుందో లేదో చూడండి. తేడా కనిపిస్తే నాకు రాయండి. ఇద్దరం ముగ్గురం కలిసి ఒకే ఫిర్యాదు ఇస్తే, "మీ ఒక్క బండి కోసం" అనే మాట వారు మళ్ళీ అనలేరు.