పనిముట్టుకు గట్టిదనం: నీళ్లలో ముంచాలా, నూనెలోనా?

కొలిమి పని మొదలుపెట్టిన వాళ్లంతా మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఎర్రగా కాలిన ఉలిని, కత్తిని నీళ్లలో ముంచాలా, నూనెలో ముంచాలా? నా మొగ్గు నూనె వైపే. అయితే నీళ్లే కావాల్సిన ఉక్కు కూడా ఉంది.

కాల్చడం వరకు తేడా లేదు. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. సాదా కార్బన్ ఉక్కైతే అక్కణ్ణుంచి ఇంకాస్త పైకి, 800 దాకా, వెళ్తే చాలు. అసలు సంగతి ఆ తర్వాత చల్లార్చడంలో ఉంది. ఎంత త్వరగా చల్లారితే అంత గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. ప్రతి ఉక్కుకూ దానికి సరిపడే వేగం ఒకటుంటుంది. దాన్ని అందుకున్నాక ఇంకా త్వరపెడితే గట్టిదనం పెరగదు, లోపల ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. గట్టిపడేటప్పుడు ఉక్కు కొద్దిగా ఉబ్బుతుంది. పైపొర ముందే బిగుసుకుపోయి ఉంటే, ఆలస్యంగా ఉబ్బే లోపలి భాగం దాన్ని చీల్చేస్తుంది. నీళ్లలోంచి సన్నగా 'టిక్' అని వినిపిస్తే అదే. తీసి తుడిచి చూస్తే అంచు నుంచి వెంట్రుకంత గీత కనిపిస్తుంది.

నా లెక్కలో తేల్చేది ఇదే. నూనెలో ముంచాక పనిముట్టు మెత్తగా మిగిలిందనుకోండి, ఆకురాయితో గీస్తే తెలిసిపోతుంది, మళ్లీ కాల్చి ముంచొచ్చు. పగిలినదాన్ని ఏమీ చేయలేం. బండి స్ప్రింగ్ పట్టీల్లో సాధారణంగా మాంగనీసు, చాలా రకాల్లో క్రోమియం కూడా ఉంటాయి. అలాంటి ఉక్కుకు నూనె వేగమే సరిపోతుంది, నీళ్లలో వేస్తే పగిలే ప్రమాదం ఎక్కువ.

మరి నీళ్లు ఎక్కడ? ఒక శాతం దాకా కార్బన్ ఉండి, వేరే లోహాలు పెద్దగా కలవని ఉక్కు సెకనులోపే 540 డిగ్రీల కిందకు దిగాలి. పలుచని కత్తి అంచుకు మంచి నూనె చాలు. సుత్తి ముఖం లాంటి మందమైన దానికి నీళ్లే కావాలి. నీళ్లలో ఇంకో చిక్కు, వేడి ఉక్కు చుట్టూ ఆవిరి పొర కట్టి అక్కడక్కడా మెత్తటి మచ్చలు మిగులుతాయి. ఉప్పునీళ్లు ఆ పొరను విరగ్గొడతాయి గానీ పగుళ్ల భయం ఇంకా ఎక్కువ. గాలికే గట్టిపడే మిశ్రమ ఉక్కులకు వేడి మీద గట్టి అదుపు కావాలి, మామూలు కొలిమిలో వాటి జోలికి పోకపోవడమే మంచిది.

నూనెను 50-60 డిగ్రీలకు వేడి చేసుకోండి. చల్లటి చిక్కటి నూనె కంటే గోరువెచ్చటి పలుచని నూనే త్వరగా చల్లారుస్తుంది. పాత ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, పొగ విషం. ఇనుప డబ్బా వాడండి, పక్కన మూత ఉంచుకోండి. మంట లేస్తే మూత వేయాలి, నీళ్లు పోయకూడదు.

ఎందులో ముంచినా, చెయ్యి పట్టేంత చల్లారగానే టెంపరింగ్‌కు, అంటే పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడి చేయడానికి, వెళ్లిపోవాలి. అప్పటికి అది గాజులా పెళుసుగా ఉంటుంది. ఒక వైపు మెరిసేలా రుద్ది, మెల్లగా వేడెక్కిస్తే రంగులు పరుగెడతాయి. కత్తికి లేత గడ్డి రంగు, దెబ్బలు తినే ఉలికి ఊదా రంగు దగ్గర ఆపండి. ఉలికి సుత్తి దెబ్బ పడే చివరను మాత్రం అసలు గట్టిపరచకండి, ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి.