విడి హోమ్ పార్టిషన్‌తో ఎనిమిదేళ్లు: నాలుగు రీఇన్‌స్టాల్‌ల తర్వాత

2016లో లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 16.04 వేసేటప్పుడు 500 జీబీ డిస్కును రెండు ముక్కలు చేశాను. సిస్టమ్, ప్రోగ్రాములు ఉండే రూట్‌కి 25 జీబీ, మిగతాదంతా మా ఫైళ్లు ఉండే హోమ్‌కి. ఆ తర్వాత 18.04, 20.04, 22.04, 24.04 వచ్చిన ప్రతిసారీ అప్‌గ్రేడ్ జోలికి పోకుండా రూట్ తుడిచేసి కొత్తగా వేశాను. హోమ్‌ని మాత్రం ముట్టుకోలేదు.

ఎవరి సొంత సెట్టింగులు చాలావరకు ఉండేది హోమ్‌లోనే, పేరుకి ముందు చుక్క ఉన్న ఫోల్డర్లలో. మామూలుగా కనబడవు, ఫైళ్లు చూసే కిటికీలో కంట్రోల్ హెచ్ నొక్కితే బయటపడతాయి. ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్లు మనమే ఎంచుకునే దారిలో వెళ్లి, పాత ముక్కకి హోమ్ అని చెప్పి, ఫార్మాట్ గడిలో టిక్ లేకుండా చూసుకోవాలి. నాలుగుసార్లు చేసినా ఆ గడి దగ్గర ఇప్పటికీ టెన్షనే. ఒకటికి మూడుసార్లు చూస్తాను.

2018లో మొదటిసారి లాగిన్ అయినప్పుడు భలే అనిపించింది. యూనిటీ అనే పాత డెస్క్‌టాప్ పోయి గ్నోమ్ వచ్చింది, డెస్క్‌టాప్ రూపమే మారిపోయింది. కానీ ఫైర్‌ఫాక్స్ తెరిస్తే బుక్‌మార్కులు, నేను దించుకున్న మండలి, రామభద్ర ఫాంట్లు, టెర్మినల్‌లో నా షార్ట్‌కట్లు, అన్నీ పెట్టినచోటే ఉన్నాయి. తెలుగు టైపింగే మొండికేసింది. కీబోర్డు జాబితాలో ఆర్‌టీఎస్ (ఇంగ్లిషు అక్షరాలు కొట్టి తెలుగు రాసే పద్ధతి) ఉందిగానీ ఎన్ని నొక్కినా ఇంగ్లిషే పడుతోంది. సెట్టింగ్ హోమ్‌లో మిగిలింది, దాన్ని నడిపే ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ రూట్‌తో పాటే పోయింది. మళ్లీ వేసి, ఒకసారి లాగౌట్ అయి వస్తే సరిపోయింది.

వైఫై పాస్‌వర్డులు, ప్రింటరు, చెప్పిన వేళకి వాటంతటవే నడిచే క్రాన్ పనులు కూడా అంతే, అవి ఉండేది సిస్టమ్ వైపు. అందుకే రూట్ తుడిచే ముందు ఏపీటీ మార్క్ కమాండుతో ప్యాకేజీల జాబితా ఒక ఫైల్లోకి తీసి, సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డరు, క్రాన్ పనుల జాబితాతో కలిపి హోమ్‌లో పడేస్తాను.

అసలు తలనొప్పి 2022లో. నా ఖాతా అయ్యాక ఇంట్లోవాళ్లవి కలుపుతూ ముందు మా అమ్మాయిది, తర్వాత మా ఆవిడది చేశాను. పాత సిస్టమ్‌లో వరస తిరగబడి ఉండేది. లినక్స్ ఫైలు ఎవరిదో గుర్తుపెట్టుకునేది పేరుతో కాదు, 1001, 1002 లాంటి అంకెతో. దాంతో మా ఆవిడ ఫోల్డరు అమ్మాయి పేరున, అమ్మాయిది మా ఆవిడ పేరున పడ్డాయి! పాస్‌వర్డు కొడితే లోపలికి వెళ్లినట్టే వెళ్లి మళ్లీ లాగిన్ తెరే. "నా ఫోటోలు పోయాయా?" అని మా ఆవిడ ఒకటే గోల. నా ఖాతాలోంచి ఫైలు యజమానిని మార్చే చౌన్ కమాండు రెండుసార్లు కొట్టాక గొడవ తీరింది. ఇప్పుడు ఆ అంకెలు కూడా రాసి పెట్టుకుంటున్నాను.

ఇంకో పొరపాటు ఆ 25 జీబీ. స్నాప్‌లు అనే పెద్ద ప్యాకేజీలు, సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ పాత కాపీలు చేరేసరికి రూట్ నిండిపోయింది. 2020లో హోమ్ మొత్తం బయటి డిస్కుకి కాపీ చేసుకుని రూట్‌ని 60కి పెంచాను. ఒక ఆదివారం దానికే సరిపోయింది. అయితే ఆ కాపీ అలవాటుగా మిగిలింది. రెండు ముక్కలున్నా డిస్కు ఒకటే కదా, పోతే రెండూ పోతాయి.

ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల సెట్టింగులు మాత్రం పేరుకుపోతుంటాయి. మొన్న 24.04 వేశాక చూస్తే 2016 నాటి యూనిటీ తాలూకు ఫోల్డర్లు ఇంకా ఉన్నాయి. తీసేద్దామనుకున్నాను, అవి తినే చోటు చూస్తే కొన్ని కేబీలే. వదిలేశాను.