కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి: ఏఏ-టీ మేలా, ట్యాగ్ మేలా?

కాలిఫోర్నియాలో చరిత్ర, మనస్తత్వశాస్త్రం, సామాజిక శాస్త్రం, అర్థశాస్త్రం వంటి విషయాలు చదవదలచిన విద్యార్థి మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో గడిపి, మూడో ఏడాదిలో నేరుగా యూనివర్సిటీలో చేరడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఫ్రీమాంట్, శాన్ రామోన్, కూపర్టినో ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో ఓలోనీ, డయాబ్లో వ్యాలీ, డి ఆంజా కాలేజీల పేర్లు ఇప్పుడు తరచుగానే వినిపిస్తున్నాయి. రాష్ట్ర నివాసులకు అక్కడ ఒక్కో యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) 46 డాలర్లే ఫీజు కాబట్టి, 60 సెమిస్టర్ యూనిట్లకు 2,760 డాలర్లు అవుతుంది. అయితే కాలేజీలో చేరడం తేలిక; ఏ దారిలో బయటికి వెళ్లాలన్నదే అసలు చిక్కు. ఆ నిర్ణయాన్ని రెండో ఏడాదికి వాయిదా వేసినవారికి ఒక సెమిస్టరో రెండు సెమిస్టర్లో అదనంగా పట్టే ప్రమాదముంది.

ప్రధానమైన దారులు రెండు. 2010లో ఎస్‌బీ 1440 చట్టం ద్వారా వచ్చిన ఏఏ-టీ (అసోసియేట్ ఇన్ ఆర్ట్స్ ఫర్ ట్రాన్స్‌ఫర్) అనే రెండేళ్ల డిగ్రీ మొదటిది. 60 యూనిట్లు, కనీసం 2.0 జీపీఏతో ఈ డిగ్రీ పూర్తి చేసినవారికి కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో సీటు ఖాయం. పైగా ఏఏ-టీకి దగ్గరి మేజర్‌లో (ప్రధాన విషయంలో) చేరితే మరో 60 యూనిట్లతో బ్యాచిలర్ డిగ్రీ చేతికి వస్తుంది. రెండోది యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) వారి ట్యాగ్ (ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ) ఒప్పందం. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ అనే ఆరు క్యాంపస్‌లలో ఏదో ఒకదానితో విద్యార్థి ముందుగానే ఒప్పందం చేసుకుని, అడిగిన కోర్సులూ జీపీఏ సాధిస్తే ఆ క్యాంపస్‌లోనే సీటు ఇస్తారు. బర్క్‌లీ, లాస్ ఏంజలిస్, శాన్ డియాగో ఇందులో లేవు. ట్యాగ్ తీసుకున్నవారు ఆ మూడింటికి మామూలుగా దరఖాస్తు చేసుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు.

రెండింటినీ గ్యారంటీ అనే అంటారు గానీ, రెండూ ఒక తీరువి కావు. ఏఏ-టీ ఇచ్చే హామీ మొత్తం వ్యవస్థకు సంబంధించినది. కోరిన క్యాంపస్‌కు కాదు. శాన్ డియాగో స్టేట్, లాంగ్ బీచ్ వంటి పోటీ ఎక్కువగా ఉన్న చోట్ల సీటు రాకపోతే, ఖాళీ ఉన్న మరో క్యాంపస్ చూపిస్తారు. ఇంటి నుంచే రోజూ వెళ్లి రావాలనుకున్న పిల్లకు ఎక్కడో దూరాన ఉన్న క్యాంపస్‌లో సీటు వస్తే ఆ హామీ కాగితం మీద నెగ్గినా ఇంట్లో ఓడినట్టే. ట్యాగ్ హామీ ఇరుకైనదే అయినా గట్టిది: క్యాంపస్ పేరు, మేజర్ పేరు ముందే రాసి ఉంటాయి. దానికి తగ్గట్టే షరతులూ కఠినంగా ఉంటాయి. జీపీఏ క్యాంపస్‌ను బట్టీ మేజర్‌ను బట్టీ మారుతుంది, కొన్ని మేజర్లకు ట్యాగ్ అసలు వర్తించదు, దరఖాస్తును సెప్టెంబరు 1 నుంచి 30 లోపు పంపాలి, అప్పటికే 30 సెమిస్టర్ యూనిట్లు పూర్తయి ఉండాలి. అంటే రెండో ఏడాది తరగతులు మొదలైన కొద్ది వారాల్లోనే క్యాంపస్ ఏదో తేల్చుకోవాలన్నమాట.

కోర్సుల లెక్క దగ్గరే తేడా బయటపడుతుంది. 2025 ఫాల్ నుంచి రెండు వ్యవస్థలకూ కాల్-గెట్సీ అనే ఒకే జనరల్ (ఏ మేజర్ వారైనా చదవాల్సిన) కోర్సుల పట్టిక అమలులోకి వచ్చింది. అందులో 11 కోర్సులు, 34 యూనిట్లు ఉంటాయి. ఏఏ-టీ మేజర్‌కు కనీసం 18 యూనిట్లు కావాలి, వాటిలో కొన్ని జనరల్ పట్టికలోకీ లెక్కకు వస్తాయి. కాబట్టి 60లో సాధారణంగా ఎనిమిది యూనిట్ల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే చేతిలో మిగులుతాయి. చాలామంది వీటిని సులువైన ఐచ్ఛిక కోర్సులతో నింపేస్తారు. నా దృష్టిలో విద్యార్థికి ఉన్న అసలు స్వేచ్ఛ ఈ మిగులు యూనిట్లలోనే ఉంది.

అర్థశాస్త్రాన్నే తీసుకుందాం. ఏఏ-టీకి మైక్రో, మాక్రో, స్టాటిస్టిక్స్ వంటి కోర్సులతో పాటు కాలిక్యులస్ ఒక్కటి చాలు. యూసీ క్యాంపస్‌లలో సాధారణంగా రెండు కాలిక్యులస్ కోర్సులు అడుగుతారు. ఆ రెండోదాన్ని మిగులు యూనిట్లలో పెట్టుకున్న విద్యార్థికి రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. పెట్టుకోని విద్యార్థికి, ఎంత మంచి జీపీఏ ఉన్నా, యూసీ తలుపు మూసుకుపోవచ్చు. మనస్తత్వశాస్త్రం, సామాజిక శాస్త్రాల్లో లెక్కల బెడద ఇంత ఉండదు, స్టాటిస్టిక్స్‌తో చాలావరకు గడిచిపోతుంది. ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి సమానమో అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైట్‌లో ఉంటుంది. కౌన్సిలర్‌ను కలవడానికి ముందే దాన్ని చూసుకుని వెళ్లడం మంచిది. అరగంట సమయంలో ఆయన పట్టిక చదివి వినిపించడం కన్నా, మీ సందేహాలకు జవాబు చెప్పడం ఎక్కువ ఉపయోగం.

మూడో దారి కూడా ఒకటుంది: ఏ ఒక్క విషయానికీ కట్టుబడకుండా సామాజిక శాస్త్రాలన్నిటి నుంచీ కొన్ని కోర్సులు కలిపి ఇచ్చే మామూలు ఏఏ డిగ్రీ. ఇంకా ఏం చదవాలో తేల్చుకోని పిల్లలకు ఇది హాయిగానే కనిపిస్తుంది. కానీ దీనికి ఏ వ్యవస్థలోనూ హామీ లేదు. తేల్చుకోకపోవడం తప్పేమీ కాదు. అయితే మొదటి సెమిస్టర్‌లో జనరల్ పట్టికలోనే సోషియాలజీ, సైకాలజీ, పొలిటికల్ సైన్స్ ప్రారంభ కోర్సులు తీసుకుంటే, తేల్చుకునే పనీ జరుగుతుంది, యూనిట్లూ వృథా కావు. సామాజిక శాస్త్రం అనగానే ఉద్యోగం మాటేమిటని అడిగే తండ్రులు ఉండనే ఉన్నారు. ఆ వాదన తెగేలోగా ఈ కోర్సులు పూర్తవుతాయి.

నా తీర్పు ఇది. 3.4కు పైన జీపీఏ నిలబెట్టుకోగలనన్న నమ్మకం, మేజర్ మీద స్పష్టత ఉన్నవారు ట్యాగ్‌ను లక్ష్యంగా పెట్టుకుని, మిగిలిన ఒకటి రెండు కోర్సులు కలిపి అదే మేజర్‌లో ఏఏ-టీ కూడా పూర్తి చేయడం మేలు. పార్ట్‌టైమ్ ఉద్యోగం చేస్తూ చదివేవారు, శాన్ హోసే స్టేట్‌కో హేవర్డ్‌లోని ఈస్ట్ బేకో ఇంటి నుంచే వెళ్లాలనుకునేవారు ఏఏ-టీని ముందు పెట్టుకోవాలి. కాల్ స్టేట్‌లో నివాసులకు ట్యూషన్ ఏడాదికి ఆరువేల డాలర్ల పైచిలుకు. యూసీలో దానికి రెట్టింపు కన్నా ఎక్కువే.

ఒక్క వర్గానికి మాత్రం ఈ తీర్పు తలకిందులు కావచ్చు. హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉద్యోగుల భార్య లేదా భర్త, పిల్లలకు ఇచ్చేది) మీద ఉన్నవారు కాలిఫోర్నియాలో నివాసిగా రుజువు చేసుకునే వీలుంది. కానీ 21 ఏళ్లు నిండగానే ఆ వీసా పోతుంది. గ్రీన్ కార్డు రాని పిల్లలు సాధారణంగా ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారతారు, ఎఫ్-1 మీద కొత్తగా నివాసి హోదా సంపాదించుకోవడం కుదరదు. ట్రాన్స్‌ఫర్ అయ్యేది ఇరవై ఏళ్ల ప్రాంతంలో కాబట్టి ఈ మార్పు సరిగ్గా యూనివర్సిటీ చదువు మధ్యలో వచ్చి పడుతుంది. నాన్‌రెసిడెంట్ ఫీజు పడితే యూసీలో మామూలు ట్యూషన్‌కు తోడు ఏడాదికి ముప్పై వేల డాలర్లకు మించి కట్టాలి. కాల్ స్టేట్‌లో యూనిట్‌కు నాలుగు వందల పైచిలుకు చొప్పున, 30 యూనిట్లకు పన్నెండు వేలకు మించి అదనం. అటువంటి కుటుంబం ట్యాగ్ దరఖాస్తు పంపే సెప్టెంబరుకు ముందే, చేరదలచిన క్యాంపస్‌లోని రెసిడెన్సీ కార్యాలయానికి తమ పరిస్థితి వివరించి, జవాబును ఈమెయిల్‌లో తీసుకుని, ఆ తరువాతే క్యాంపస్‌ను ఎంచుకోవాలి.