న్యాచురల్ స్టాట్ ట్రిక్: వెనుకబడిన జట్టు ఆటను సరిగ్గా చదవడానికి ఒక గణాంకాల సైటు

క్రికెట్‌లో లక్ష్యాన్ని ఛేదిస్తూ మొదటి ఓవర్లలోనే మూడు వికెట్లు పోగొట్టుకున్న జట్టు కాసేపు ఆచితూచి ఆడుతుంది. ఐస్ హాకీలో జరిగేది దీనికి తలకిందులు. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడింటిలో మొదటిదానిలోనే రెండు గోల్స్ వెనుకబడిన జట్టు రక్షణను కొంత వదులుకుని ముందుకు దూకుతుంది. ఆధిక్యంలో ఉన్న జట్టు తన గోలు ముందు గుమిగూడి, చేతికందిన పక్‌నల్లా (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) దూరంగా కొట్టేస్తూ గడియారాన్ని నడిపిస్తుంది. అందువల్ల ఓడిన జట్టే ఎక్కువ షాట్లు కొట్టిన మ్యాచ్‌లు ఉత్తర అమెరికా ప్రధాన హాకీ లీగ్ అయిన ఎన్.హెచ్.ఎల్.లో తరచుగా కనిపిస్తాయి. టొరంటోకు వచ్చి హాకీ చూడటం మొదలుపెట్టిన కొత్తలో నేను ఆ షాట్ల లెక్క చూసి, మన జట్టు బాగానే ఆడింది, అదృష్టమే కలిసిరాలేదని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం ఎంత పొరపాటో నాకు తెలియజెప్పింది న్యాచురల్ స్టాట్ ట్రిక్ అనే సైటు.

ఇది డబ్బు కట్టకుండా వాడుకోగల సైటు, 2007–08 సీజన్ నుంచి ఎన్.హెచ్.ఎల్. మ్యాచ్‌ల వివరాలు ఇందులో ఉన్నాయి. దీని అసలు విలువ స్కోరును బట్టి లెక్కలను విడదీసి చూపడంలో ఉంది. జట్ల పట్టికలో స్కోరు సమంగా ఉన్నప్పటి ఆటను, ఆధిక్యంలో ఉన్నప్పటి ఆటను, వెనుకబడినప్పటి ఆటను వేర్వేరుగా ఎంచుకోవచ్చు. ఒక్క గోలు తేడాతో ఉన్న సమయాన్ని మాత్రమే చూడాలన్నా వీలుంది. గోలు వైపు వెళ్లినవి, పక్కకు పోయినవి, ఆటగాళ్లకు తగిలి ఆగినవి అన్నీ కలిపి లెక్కించే కోర్సీ అనే కొలత ఇక్కడ ప్రధానం. ఒక జట్టు కోర్సీ వాటా (ఇరుజట్ల షాట్ల మొత్తంలో దాని భాగం) వెనుకబడినప్పుడు ఘనంగా ఉండి, స్కోరు సమంగా ఉన్నప్పుడు సగానికి దిగువన ఉంటే, ఆ ఘనతలో కొంత భాగం ప్రత్యర్థి తగ్గి ఆడటం వల్ల దక్కిందని గ్రహించాలి. స్కోరు, సొంత మైదానం వల్ల కలిగే వంపును సరిచేసిన లెక్కలు కూడా ఉన్నాయి. తొందరలో ఉన్నప్పుడు నేను ముందుగా చూసేది వాటినే.

అయితే ఈ పట్టికలకు ఒక హద్దు ఉంది. చాలామంది గోల్‌కీపర్లు (గోలీలు) కాక ఐదుగురికి ఐదుగురు ఆడే సమయాన్నే ఎంచుకుని చూస్తారు, కానీ వెనుకబడిన జట్టు తేరుకునే ఘట్టాలు తరచుగా ఆ సమయానికి బయటే జరుగుతాయి. 2010 మే 14న బోస్టన్‌లో జరిగిన ప్లేఆఫ్ సిరీస్ చివరిదైన 7వ మ్యాచ్‌నే తీసుకోండి. సిరీస్‌లో మొదటి 3 మ్యాచ్‌లు ఓడి, తర్వాతి 3 గెలిచి వచ్చిన ఫిలడెల్ఫియా ఫ్లయర్స్, ఆ రాత్రి తొలి 15 నిమిషాల్లోపే 0–3తో వెనుకబడింది. కోచ్ పీటర్ లావియొలెట్ అక్కడే టైమ్‌అవుట్ తీసుకున్నాడు. అప్పటికి 45 నిమిషాలకు పైగా ఆట మిగిలి ఉంది. తొందరగా వెనుకబడటంలో ఉన్న ఒకే ఒక్క ఊరట అదే. ఫ్లయర్స్ తొలి పీరియడ్ ముగిసేలోపు ఒక గోలు, రెండో పీరియడ్‌లో మరో రెండు కొట్టి స్కోరు సమం చేసింది. మూడో పీరియడ్‌లో బోస్టన్ జట్టు ఆటగాళ్లు లెక్కకు మించి మంచు మీదకు రావడంతో పెనాల్టీ పడింది, ఆ పవర్‌ప్లేలోనే (ప్రత్యర్థికి ఒక ఆటగాడు తక్కువగా ఉండే సమయం) ఫ్లయర్స్ ఆటగాడు సీమోన్ గాన్యే గెలుపు గోలు కొట్టాడు. ఐదుగురికి ఐదుగురి పట్టికలో ఆ గోలు ఉండదు.

2013 మే 13న అదే మైదానంలో టొరంటో మీద 1–4తో వెనుకబడి 5–4తో గెలిచిన బోస్టన్ కథ కూడా ఇటువంటిదే. చివరి నిమిషాల్లో గోలీని బయటకు పిలిచి ఆరో ఆటగాణ్ణి దింపాకే లూచిచ్, బెర్జరాన్ గోల్స్ వచ్చాయి. కాబట్టి వెనుకబడిన జట్టును చదివేటప్పుడు అన్ని పరిస్థితులనూ కలిపిన పట్టికను కూడా తప్పక తెరవాలి.

మరో జాగ్రత్త కూడా చెప్పాలి. వెనుకబడిన స్థితి అని ఎంచుకున్నప్పుడు 3వ నిమిషంలోని వెనుకబాటు, 58వ నిమిషంలోని వెనుకబాటు ఒకే గడిలో కలిసిపోతాయి. పైగా బలహీనమైన జట్లే ఎక్కువసార్లు ముందుగా గోలు ఇచ్చుకుంటాయి గనుక, వాటి ఓటములన్నింటికీ ఆ తొలి గోలే కారణమని పట్టిక చూసి తేల్చకూడదు. అందుకే నేను జట్ల పట్టిక దగ్గర ఆగకుండా ఒక్కొక్క మ్యాచ్ నివేదికలోకి వెళ్తాను. అక్కడ పీరియడ్ల వారీగా లెక్కలు, నిమిషనిమిషానికీ షాట్లు పెరిగిన తీరు చూపే గీతలు, షాట్లు ఎక్కడి నుంచి వెళ్లాయో తెలిపే చిత్రం ఉంటాయి. వెనుకబడిన జట్టు గీత ఏటవాలుగా పైకి లేస్తూనే, షాట్లు మాత్రం గోలుకు దూరంగా, దాడి ప్రాంతం మొదలయ్యే నీలి గీత దగ్గర పోగుపడి ఉంటే, ప్రత్యర్థి గోడ చెక్కుచెదరలేదని నాకు అర్థమవుతుంది.

పేజీల నిండా సంఖ్యలే ఉండటం వల్ల కొత్తవారికి మొదటి వారం కష్టంగానే ఉంటుంది, ఫోన్ తెర మీద వెడల్పైన పట్టికలు చదవడం ఇంకా కష్టం. కంప్యూటర్ ముందు కూర్చుని, మీరు ఆసాంతం చూసిన ఒక మ్యాచ్ నివేదికతో మొదలుపెట్టండి. మీ కంటికి కనిపించిన ఆట ఆ గీతల్లో ఎక్కడ ఉందో వెతకండి.