డాస్ షెల్లా, నెట్‌వేర్ మెనూనా?

ఆబిడ్స్‌లో ఓ పాతకాలపు ఆఫీసు, ఒక సర్వర్, పది డాస్ (కమాండ్లు టైప్ చేసి నడిపే పాత ఆపరేటింగ్ సిస్టమ్) మెషీన్లు అనుకోండి. గుమాస్తాల తెర మీద ఏది పెట్టాలన్నదే ప్రశ్న. 1988లో ఎంఎస్-డాస్ 4.0తో వచ్చిన డాస్ షెల్ ఫైళ్లను, డైరెక్టరీలను తెర మీద పరిచి చూపిస్తుంది. నేర్చుకునేవాళ్లకు బంగారం. కానీ ఎఫ్3 నొక్కితే నేరుగా సీ ప్రాంప్టే, అంటే కమాండ్ టైప్ చేస్తే తప్ప ఏమీ జరగని తెర. కొత్త గుమాస్తాకు టెన్షన్.

ఆఫీసుకైతే నా ఓటు నోవెల్ నెట్‌వేర్ (సర్వర్‌ను నడిపే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్) మెనూకే. అడ్మిన్ ఓ టెక్స్ట్ ఫైల్లో పేరోల్, స్టాక్, ప్రింట్ అని రాసి, ఒక్కోదాని కింద కమాండ్ పెడతాడు. లాగిన్ స్క్రిప్ట్ (లాగిన్ కాగానే దానంతటదే నడిచే కమాండ్ల జాబితా) డ్రైవ్‌లు మ్యాప్ చేసి, అంటే సర్వర్ డైరెక్టరీలకు డ్రైవ్ అక్షరాలు తగిలించి, చివర్లో మెనూను పిలుస్తుంది. పాస్‌వర్డ్ కొట్టగానే గుమాస్తాకు కనిపించేది తన పనే. మార్పు సర్వర్లో ఒక్కచోట చేస్తే చాలు, పది మెషీన్ల చుట్టూ తిరగక్కర్లేదు. అయితే మెనూ ఉంది కదా అని ధీమా వద్దు. ఫైళ్ల మీద హక్కులు సర్వర్లో విడిగా ఇవ్వాల్సిందే.