అరామిడ్ లోగోలు బాగున్నాయి, చిక్కంతా బాబిన్ దారంతోనే

మంటను తట్టుకునే కవరాల్స్ (ఒళ్లంతా కప్పే పని దుస్తులు) మీద అరామిడ్ అనే, వేడిని తట్టుకునే కృత్రిమ నారతో చేసిన దారంతో కుట్టించిన లోగోలు చాలాకాలంగా వాడుతున్నాం. పోగులు లేవవు, ఎన్ని ఉతుకులు పడ్డా అంచు ఊడదు. ఆ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను, కానీ అది పైవైపుకే చెల్లుతుంది.

ఒక బ్యాచ్‌లో లోగోను లోపలి నుంచి విప్పితే పైన అరామిడ్, కింద మామూలు పాలిస్టర్! ఎంబ్రాయిడరీ చేసేవాళ్లు పైదారం మార్చి, ముందే చుట్టి ఉన్న బాబిన్లను (మిషన్‌లో కింది దారం ఉండే చిన్న చుట్టలను) అలాగే ఉంచేస్తారు. ఒంటికి ఆనేది ఆ కింది దారమే. పాలిస్టర్ దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి చర్మానికి అతుక్కుంటుంది, కాలిన గాయం ఇంకా లోతవుతుంది. అరామిడ్ కరగదు, మాడుతుందంతే. కుట్టు వెనక వేసే బ్యాకింగ్‌తోనూ ఇదే బెడద, మామూలుగా దొరికేది ఎక్కువగా పాలిస్టర్ కలిసిందే. దుస్తుల కుట్లకు వాడే దారం 260 డిగ్రీల దగ్గర కరగకూడదని మంటను తట్టుకునే దుస్తుల అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 2112 చెబుతుంది. అది కుట్ల దారం మాట. లోగో దారం సంగతి మనమే నిలదీసి అడగాలి.

సరుకు రాగానే ఒక లోగోను బలిపెట్టండి. పైపోగు, బాబిన్ పోగు, బ్యాకింగ్ ముక్క విడివిడిగా తీసి, పట్టకారుతో పట్టుకుని, దుస్తులకు దూరంగా మంట చూపించండి. కరిగి బొట్టు కట్టి, వేడి మీద లాగితే తీగలా సాగిందంటే ఆ బ్యాచ్ తిప్పి పంపాల్సిందే. మాడి, మంట తీయగానే ఆరిపోతే సరే.

రంగుల విషయంలో మొదట్లో ఉన్నంత సంతోషం ఇప్పుడు లేదు. అరామిడ్ దారంలో షేడ్లు తక్కువ, కంపెనీ రంగుకు అచ్చంగా సరిపోయేది దొరక్కపోవచ్చు. ఎండకు వెలుస్తుంది, తెలుపు పసుపుబారుతుంది. 6 మిల్లీమీటర్ల కన్నా చిన్న అక్షరాలు పూడుకుపోతాయి. నిండుగా కుట్టిన పెద్ద లోగో అట్టలా బిగుసుకుంటుంది.

జేబు మీదైతే నేరుగా కుడితే జేబు మూసుకుపోతుంది, అక్కడ ప్యాచ్ మేలు. ప్యాచ్ గుడ్డ, అంచు దారం, అతికే కుట్టు అన్నీ మంటను తట్టుకునేవే కావాలి. ఇస్త్రీతో అంటించే ప్యాచ్ జోలికి పోకండి, ఆ జిగురు వేడికి కరిగే రకం. వానకోట్ల మీద మాత్రం ఏ కుట్టూ వద్దు, సూది రంధ్రాల్లోంచి నీరు దిగుతుంది.

మావి ఎద మీద చిన్న లోగోలు, పని ఎక్కువగా షెడ్డు లోపలే. మాకు మళ్లీ ఇవే. రోజంతా ఎండలో ఉండేవాళ్లకు, వీపు మీద పెద్ద లోగో కావాలనేవాళ్లకు ఇంత ధీమాగా చెప్పలేను. ఎవరైనా సరే, ఆర్డర్ కాగితంలో పైదారం, బాబిన్ దారం, బ్యాకింగ్ మూడింటి పేర్లూ విడివిడిగా రాయించుకోండి. లోగో వేస్తే సర్టిఫికేషన్ నిలుస్తుందా అని దుస్తుల తయారీదారు నుంచి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.